కరువు పనుల్లో పాటను కూడా పనిగా రాయండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,
కరువు ప్రణాళిక తయారుచేసే శాఖల అధికారులందరికీ,

నమస్కారం.

ఖరీఫ్ ఎండిపోయినప్పుడల్లా మీ కార్యాలయాల్లో ఏం జరుగుతుందో ఈ జిల్లాలో చిన్నపిల్లవానికి కూడా తెలుసు. వాన ఎంత తక్కువ పడింది, ఎన్ని ఎకరాల్లో విత్తనమే పడలేదు, బోర్లలో నీళ్ళు ఎంత లోతుకు దిగిపోయాయి అని లెక్కలు తీస్తారు. ఆ లెక్కలు పైకి పోతాయి. కొన్నాళ్ళకు జీవో వస్తుంది. మన మండలం జాబితాలో ఉందా లేదా అని టీకొట్టు కాడ ఒక్క పేపరుకు పదిమంది మూగుతారు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రం మొత్తం మీద 103 మండలాలను కరువు మండలాలని ప్రకటిస్తే అందులో ఎక్కువ మన సీమవే. జాబితా తర్వాత ప్రణాళిక వస్తుంది. తాగునీటి ట్యాంకర్లు, పశువుల మేత, పంట రుణాల రీషెడ్యూలు, పెట్టుబడి రాయితీ, కూలోళ్ళకు అదనపు పనిదినాలు. అన్నీ కావలసినవే, దేన్నీ తీసేయమని అడగను. ఇంకొక్క వరస చేర్చమని మాత్రం అడుగుతున్నాను.

కరువు ప్రకటించిన మండలాల్లో ఆటా పాటా కథా నమ్ముకుని బతికేవాళ్ళకు, వాళ్ళకు వచ్చిన పనినే కరువు పనిగా ఇవ్వండి. మస్టర్‌లో పేరు రాసి రోజుకూలి కట్టివ్వండి.

నేను ఆదోని ప్రాంతంలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టరును. అడుగుతున్నది నా కోసం కాదు. సీమలో కథలూ కవిత్వం రాసేవాళ్ళలో మాలాంటి బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లే ఎక్కువ. నెల తిరిగేసరికి మాకు జీతమో పింఛనో పడుతుంది. సొంత డబ్బుతో ఐదువందల కాపీలు అచ్చేసుకుని, మూడువందలు పంచిపెట్టి, మిగిలినవి మంచం కింద తోసి, ఇంట్లో తిట్లు తింటాం. అది కష్టమే గానీ ఆకలి కాదు. మల్లన్న భక్తుడిగా ఆడి పాడే గొరవయ్య సంగతి అట్లా కాదు. చెక్కభజన గురువు సంగతి, డప్పు కొట్టేవాని సంగతి, పీర్ల పండక్కి అలావా చుట్టూ పాట ఎత్తుకునేవాని సంగతి, తోలుబొమ్మలు ఆడించే కుటుంబం సంగతి వేరు. వాళ్ళ జీతం రైతు గాదెలో ఉంటుంది. గాదె ఖాళీ అయితే రైతు మొట్టమొదట వాయిదా వేసేది ఊరి దేవర జాతర, ఆ తర్వాత పెండ్లి, ఆ తర్వాత తిరునాళ. "వచ్చే ఏడు వానలు పడితే చూద్దాంలే" అంటాడు. ఆ ఒక్కమాటతో నలభై యాభైమంది ఆ ఏటి బతుకుతెరువు పోతుంది. వాళ్ళ పేర్లు మీ పంటనష్టం జాబితాలోకి రావు, ఎందుకంటే వాళ్ళకు పట్టాదారు పాస్‌పుస్తకం ఉండదు.

మాకు తెలిసిన ఒక గొరవయ్య ఉన్నాడు. దేవరగట్టు మాళమల్లేశ్వరునికి మొక్కుబడి ఉన్న ఇల్లు. నల్ల గొంగడి, మెడలో గవ్వల దండలు, నెత్తిన ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేతిలో పిల్లంగోవి, ఇంకో చేతిలో ఢమరుకం. ఆయన అడుగు వేస్తే మా బడిపిల్లలు మధ్యాహ్నం అన్నం గంట కూడా మరిచిపోయేవాళ్ళు. మొన్న కరువు ఏడాది సంక్రాంతికి ముందే ఇంటికి తాళం పడింది. ఆలుమగలిద్దరూ పిల్లలతో సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి. బొలెరోలో జొన్నల మూట, సత్తుగిన్నెలు, చంటిబిడ్డ ఉయ్యాల కట్టే పాత చీర, నీళ్ళ బిందె ఎక్కించారు. గొంగడి కూడా ఎక్కించారు, చలికి పనికొస్తుందని. టోపీ, ఢమరుకం ఇంట్లో దూలానికి వేలాడగట్టారు. "అదెందుకప్పా వదిలిపెడతాండావు, ఆ పక్క కూడా జనముంటారు కదా" అంటే నవ్వినాడు. "సార్, కోసిన కాయకు కిలో లెక్కన దుడ్లిస్తారు. ఆటకు ఏ లెక్కన ఇస్తారు?" అన్నాడు.

ఆయన అడిగింది రేటు. నేను మిమ్మల్ని అడుగుతున్నదీ రేటే.

కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం వైపు ఏటా జరిగేదే ఇది. పిల్లలు బడి మానేయకుండా మీరే సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు, మంచి పని. అమ్మానాయనా మూడు నాలుగు నెలలు కనపడని ఆ పిల్లలు సాయంత్రం అయ్యేసరికి ఎట్లా ఉంటారో ఒకసారి ఆరుగంటలప్పుడు పోయి చూడండి. వార్డెన్ టీవీ పెట్టి కూర్చోబెడతాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. అదే ఊళ్ళో కోలాటం నేర్పే ముసలాయన పనిలేక అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఈ ఇద్దరినీ కలపడానికి చట్టం మార్చనక్కరలేదు, మీ సంతకం ఒకటి చాలు.

"తిండికే జరుగుబాటు లేని రోజుల్లో పాటలెందుకయ్యా" అని మీ సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. అనాలి కూడా. జవాబు సులభం: పాడేవానికి కూడా తిండికి జరగడం లేదు. నేనడిగేది సన్మానం కాదు, శాలువా కాదు, జ్ఞాపిక అసలే కాదు. కూలి. కూటి కోసం కోటి విద్యలని ఊరికే అన్నారా? ఆ విద్యల్లో మట్టి తవ్వడాన్నే సర్కారు విద్యగా గుర్తిస్తానంటే ఎట్లా? 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనుల జాబితా చూశాను. చెరువు పూడిక ఉంది, కందకాలు ఉన్నాయి, మొక్కల పెంపకం ఉంది. ఆట లేదు, పాట లేదు. పథకాల పేర్లు మారినా ఈ సంగతి మారలేదు. అరవై దాటిన బుర్రకథ పంతులు గడ్డపార పట్టుకుని కొలతల ప్రకారం గుంత తీస్తే తప్ప ఆయన పనిచేసినట్టు కాదు. అట్లా తీసినా కొలత చాలదని సగం కూలే పడుతుంది. డప్పు కళాకారులకు నెలకు 4,000 పింఛను ఇస్తున్నారు, దానికి దణ్ణం పెడతాను. కానీ పింఛను వయసు మళ్ళిన తర్వాతి మాట. ముప్పై ఐదేళ్ళవాడు డప్పు దించి బెంగళూరులో సెంట్రింగు పనికి పోతే, పింఛను వయసు వచ్చేసరికి వాని చేతిలో డప్పు ఉంటుందా?

కరువుకూ పాటకూ ఈ నేలలో ఉన్న సంబంధం మీ రికార్డుల కంటే పాతది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు విన్నారు కదా. 1866 కరువులో గాదెలు తెరిచి వేలమందికి గంజి పోసినాయన. విక్టోరియా రాణి పేరు మీద బంగారు పతకం కూడా ఇచ్చారు. ఆ పతకాన్ని చూసినవాళ్ళు ఎందరు? పాట విన్నవాళ్ళు ఎందరు? కోయిలకుంట్ల పక్కన నాట్లేసే ఆడవాళ్ళను అడగండి, ఆయన దానగుణం పాటలోనే చెబుతారు. ధాత కరువు, 1876 నుంచి 1878 దాకా వచ్చింది, ఈ జిల్లాను ఎంత దెబ్బ కొట్టిందంటే 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ దాదాపు నాలుగో వంతు మనుషులు లేకుండా పోయారు. ఆ అంకె గెజిటీర్‌లో ఉంది. ఆ మనుషుల ఏడుపు గెజిటీర్‌లో లేదు. 1950ల మొదట్లో మళ్ళీ గంజి కేంద్రాలు తెరిచినప్పుడు ఎన్ని కుండలు పొయ్యి ఎక్కాయో రాసిన పుస్తకాలను ఏ బీరువాలో చెదలు తిన్నాయో గానీ, తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం రాయగా 1956లో వచ్చిన 'పెన్నేటి పాట' మాత్రం ఇప్పటికీ మా పిల్లలతో చదివిస్తున్నాం. కరువు ఎట్లా ఉంటుందని కోస్తా జిల్లాల వాళ్ళడిగితే మేము చూపించేది అదే.

కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. తోలుబొమ్మలాడించే కుటుంబాల వాళ్ళు 1885లో అక్కడ ఒక పెండ్లిలో బొమ్మలను పక్కన పెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ధాత కరువు పోయి పదేళ్ళయినా కాలేదు. ఆ ఆట నుంచే సురభి నాటక సమాజాలు పుట్టి తెలుగుదేశమంతా తిరిగాయి. కరువు వల్లే నాటకం పుట్టిందని నేను అనను, అట్లాంటి తీపిమాటలు నాకు పడవు. ఆకలి కళను పెంచదు, చంపుతుంది. ఆ పెండ్లి చేసిన ఇంట్లో నాలుగు గింజలుండబట్టి, ఆడినోళ్ళకు అన్నం పెట్టబట్టి ఆ ఆట నిలబడింది. పెట్టేవాళ్ళు లేక ఎన్ని ఆటలు పుట్టకముందే పోయాయో ఎవరు చెప్పగలరు.

నిమ్మలకుంటకు పోయి చూడండి. ధర్మవరం పక్కనే, పూర్వం అనంతపురం జిల్లా. మేకతోలును నానబెట్టి, వెంట్రుకా కొవ్వూ గీకి, వెలుతురు దాటేంత పలుచన చేసి ఆరబెడతారు. దాని మీద గీత గీసి, ఉలితో చుక్క చుక్కగా చిల్లులు పొడిచి, రంగులు పూస్తారు. సీతమ్మ నగలన్నీ ఆ చిల్లుల్లో నుంచి వచ్చే వెలుతురే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. అయితే ఇప్పుడు అక్కడ పొయ్యి వెలిగించేది ల్యాంప్‌షేడ్లు. పట్నం హోటళ్ళు కొంటాయి, ఎగ్జిబిషన్లలో అమ్ముడవుతాయి. బొమ్మ అమ్ముడుపోతుంది గానీ ఆట అమ్ముడుపోదు. రాత్రంతా తెర వెనక కూర్చుని రామాయణం నడిపించాలంటే నోటికి పాట రావాలి, చేతికి బొమ్మ రావాలి, హార్మోనియం, మద్దెల, తాళం ఒకరినొకరు ఎరిగి ఉండాలి. అది ల్యాంప్‌షేడు చేస్తూ నేర్చుకునే విద్య కాదు. ఆడితేనే మిగులుతుంది, ఆడమని పిలిచి డబ్బిస్తేనే ఆడతారు.

సర్కారు కరువు డబ్బుతో కళాకారులకు పని ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. 1930లలో అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి కోట్లమంది రోడ్డున పడ్డప్పుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం రోడ్లు, వంతెనలతో పాటు 1935లో చిత్రకారులకు, సంగీతకారులకు, నాటకాలవాళ్ళకు, రచయితలకు కూడా విడివిడిగా పనులు పెట్టింది. ఆ పనుల పెద్ద హ్యారీ హాప్కిన్స్‌ను కళాకారులకు ఉద్యోగాలేమిటని నిలదీస్తే, వాళ్ళూ అందరిలాగే తినాలి కదా అన్నాడట. రచయితలు ఊరూరా తిరిగి బానిసలుగా పుట్టిన ముసలివాళ్ళ మాటలు రాసుకున్నారు. అట్లా 2,300కు పైగా బతుకుకథలు కాగితం మీదికి వచ్చాయి. ఇంకో పదేళ్ళు ఆగి ఉంటే చెప్పేవాళ్ళే మిగిలేవాళ్ళు కారు. జోరా నీల్ హర్‌స్టన్ లాంటి రచయిత్రి కూడా ఆ కూలి తీసుకునే ఫ్లోరిడాలో పాటలు సేకరించింది.

అందులో చేదు కూడా ఉంది, దాచిపెట్టడం ఎందుకు. నాటకాల విభాగం సర్కారుకు నచ్చని మాటలు మాట్లాడుతున్నదని, కమ్యూనిస్టుల అడ్డా అయిందని గోల చేసి 1939లో అక్కడి పార్లమెంటు డబ్బు ఆపేసింది. ఇంకొకటి మన సుగ్గి కూలీలకు దగ్గరి సంగతి. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ చేలల్లో కాయ కోయడానికి వచ్చిన కూలీల గుడారాల దగ్గర సర్కారు పంపిన ఫొటోగ్రాఫరు డొరోథియా లాంజ్ ఒక తల్లిని, పిల్లలతో సహా ఫొటో తీసింది. పంట మంచుకు పోయింది, కూలి లేదు. ఫొటో లోకమంతా తిరిగింది. ఆ తల్లి పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల నాకు పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. అందుకే ముందే చెబుతున్నా: రికార్డు చేసే పిల్లవానికి కూలి రాస్తే, పాడిన ముసలమ్మకు అంతకు తగ్గకుండా రాయాలి. మనవాళ్ళు ఫోను పట్టుకుని పోయి, పాట తీసుకుని, యూట్యూబులో పెట్టుకుని, ఆమెకు ఒక టీ తాగించి వస్తున్నారు.

అమెరికా ఎందుకు, మీ ఉద్యోగానికి పెద్దతాత లాంటివాడే ఉన్నాడు. 1820లో కడపకు కలెక్టరు కింద పనిచేయడానికి వచ్చిన సి.పి. బ్రౌన్. తన బంగళాలో పండితులను పెట్టుకుని, సొంత జీతంలోంచి వాళ్ళకు జీతాలిచ్చి తాటాకులు వెతికించాడు, ప్రతులు రాయించాడు. అప్పులపాలయ్యాడు కూడా. వేమన పద్యాలు ఈరోజు మన పిల్లల నోట్లో ఉండటంలో ఆ జీతాల వాటా ఉంది. మీరు సొంత జేబులో చెయ్యి పెట్టనక్కరలేదు, ప్రభుత్వ పద్దులో ఒక వరస చాలు.

డబ్బు ఎక్కడిదంటారా? ఇంటిపన్ను కట్టే ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, 1960 నాటి చట్టం ప్రకారం. వసూలు చేసేది పంచాయతీలు, మున్సిపాలిటీలు. చేరవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థలకు. మధ్యలో బకాయిలు పేరుకుపోయాయని వార్త రాని ఏడాది అరుదు. ఆ బకాయిల్లో కొంత వసూలు చేయించినా ప్రతి కరువు మండలంలో ఒక శాఖా గ్రంథాలయాన్ని పనిచోటుగా చేసుకోవచ్చు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఒక్కొక్కరికి ఒక ముసలాయననో ముసలమ్మనో జతచేసి పాట, కథ, ఊరి పేరు వెనక మాట, ఏ ఏడు ఏ కరువు వచ్చిందో అన్నీ రాయించండి. సాయంత్రాలు సీజనల్ హాస్టళ్ళలో ఆట నేర్పించండి. నైపుణ్యం ఉన్న కూలీకి మేస్త్రీ పనిలో ఏది కట్టిస్తున్నారో అదే కట్టండి. దొంగ పేర్లు దూరతాయన్న భయం నాకూ ఉంది. ఎవరు కళాకారుడో ఎవరు కాదో ఊరికి తెలుసు. గ్రామసభలో పేరు చదివి, నలుగురి ముందర ఆడించి చూడండి, అక్కడే తేలిపోతుంది.

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మొదటిది, చేసిన పనికి కూలి ఆ పక్షంలోనే పడాలి. ఇంతకు ముందొకసారి సర్కారు పండగకని మా పక్క ఊరి చెక్కభజన జట్టును పిలిపించారు. పదహారు మంది. గజ్జెలూ తలపాగాలూ కొత్తవి కొనుక్కుని పోయారు. వేదిక ముందర ఎండలో ఆడారు, పెద్దవాళ్ళు దిగి వచ్చి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు, బిర్యానీ పొట్లం ఇచ్చారు. బిల్లు మాత్రం "ఫండు రాలేదు" అనే దగ్గరే ఆగిపోయింది. జట్టు గురువు చెప్పులరిగేలా తిరిగి, బస్సు ఛార్జీలే బిల్లు కంటే ఎక్కువయ్యేట్టున్నాయని మానుకున్నాడు. ఏ కార్యాలయమో రాయను, అది ఎక్కడైనా జరిగేదే.

రెండోది, పాట రాసి ఇవ్వకండి. ఇప్పటిదాకా సర్కారు కళాజాత అంటే పథకం పేరు పల్లవిలో, అంకెలు చరణంలో. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఆ జాతల్లో నేనూ తిరిగాను, వాటి మేలు తక్కువేం కాదు. కానీ కరువు ఏడాదిలో కూలి కోసం వచ్చిన మనిషి చేత మిమ్మల్ని పొగిడించుకోవడం బాగుండదు. బెంగాల్ కరువును గుంటూరు సీమ నుంచి షేక్ నాజర్ బుర్రకథగా చెప్పినప్పుడు, ఆ ఆకలి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాడు. ట్యాంకరు రాలేదని గొరవయ్య పాడితే పాడనీయండి. మీ కింది ఉద్యోగుల నివేదిక కంటే ముందు మీకు నిజం తెలుస్తుంది, ఆ లెక్కన కూడా ఇది చవక బేరమే.

మా మండలంలో ఆట, పాట తెలిసినవాళ్ళ పేర్లు, ఎవరికి ఏ విద్య వచ్చునో, ఇప్పుడు ఎవరు ఊళ్ళో ఉన్నారో, ఎవరు సుగ్గికి పోయి ఉన్నారో జాబితా రాశాం. దాన్ని ఈ ఉత్తరంతో పాటు వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా ఇస్తాం. మీ తర్వాతి కరువు ప్రణాళిక ముసాయిదా జిల్లా సమావేశానికి వచ్చేలోపు జవాబు చెప్పండి. కాదనేటట్టయితే ఏ నిబంధన అడ్డం వస్తున్నదో నంబరుతో సహా రాయండి. దాన్ని మార్పించుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలో మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టరు,
ఆదోని